కాయకష్టం చేసేవాళ్ళు గుండెను కాచుకోవడం ఎలా?

నేను డాక్టర్ని కాను. రైస్ మిల్లులో గుమస్తాగా పద్దెనిమిదేళ్ళు కాటా పక్కన కూర్చుని బస్తాలు లెక్కపెట్టినవాణ్ణి. నాకు బీపీ వచ్చాక దాని గురించి చదవడం మొదలుపెట్టాను. అలా తెలుసుకున్నదీ, మా ముఠావాళ్ళతో (బస్తాలు మోసే జట్టుతో) కలిసి పాటించి చూసిందీ ఇక్కడ రాస్తున్నాను. బస్తాలు మోసేవాళ్ళు, కొబ్బరి దింపు తీసేవాళ్ళు, ఊడ్పులకు, కోతలకు వెళ్ళేవాళ్ళు, రొయ్యల చెరువుల మీద రాత్రుళ్ళు కాపలా ఉండేవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు చదవాలని నా కోరిక.

మా ముఠా మేస్త్రి యాభై దాటినవాడు. ఒంటి మీద చెంచాడు కొవ్వు ఉండేది కాదు. లారీకి లోడు ఎత్తేటప్పుడు వాలుగా వేసిన పలక మీద సగం దాకా వెళ్ళి ఆగేవాడు. రొమ్ము మధ్యలో అరచేత్తో రుద్దుకుని, ఒక తేన్పు తేన్చి మళ్ళీ ఎక్కేవాడు. "గ్యాసండి బాబూ, నిమ్మసోడా తాగితే పోద్ది" అనేవాడు. సోడా తెప్పించింది నేనే. ఓసారి డాక్టరుకు చూపించుకోమంటే నవ్వేశాడు. "చెమటోడ్చేవోడికి గుండెజబ్బేటండి? ఏసీలో కూర్చునేవోళ్ళకి గానీ!"

అప్పట్లో నేనూ అదే అనుకునేవాణ్ణి. ముందు ఈ అపోహ పోతే గానీ మిగతా ఏదీ చెవికెక్కదు.

మొదట: పనీ వ్యాయామమూ ఒకటి కాదని తెలుసుకోండి

ఒంటిని కదిలిస్తే గుండెకు మంచిదన్నది నిజమే. 1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి, కూర్చుని నడిపే డ్రైవర్ల కన్నా రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని చూపించాడు. కానీ కండక్టరు భుజం మీద బస్తా లేదు కదా.

డెన్మార్క్‌లో లక్షమందికి పైగా జనాన్ని సుమారు పదేళ్ళు గమనించి 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. తీరిక వేళల్లో ఒళ్ళు కదిలించేవాళ్ళకు గుండెపోటు, పక్షవాతం లాంటివి తగ్గాయి. పనిలో బాగా బరువు శ్రమ చేసేవాళ్ళకు మాత్రం, తక్కువ శ్రమ చేసేవాళ్ళతో పోలిస్తే, 35 శాతం ఎక్కువగా వచ్చాయి. పొగ, చదువు, ఆదాయం లాంటి తేడాలు లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు. దీని మీద వాదనలు ఇంకా ఉన్నాయి. నార్వేలో చేసిన ఒక అధ్యయనంలో ఒళ్ళు వంచి పనిచేసే మగవాళ్ళకే ఆయుష్షు ఎక్కువని తేలింది. కాబట్టి పని చంపుతుందని నేను చెప్పను. కష్టం చేస్తున్నాం కాబట్టి గుండెజబ్బు రాదన్న ధీమా మాత్రం పెట్టుకోకండి.

ఎక్కడో డెన్మార్క్ మాట మనకెందుకు అంటారా? మన ఉభయ గోదావరి జిల్లాల్లోనే 45 ఊళ్ళలో, 2003-04లో ఏడాది కాలంలో పోయిన 1,354 మంది చావులకు కారణాలు ఇంటింటికీ తిరిగి ఆరా తీశారు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులే. అంటురోగాలు 12 శాతం. ఇవి ఏసీ గదుల ఊళ్ళు కావు, వరి పండే పల్లెలు.

మరి తేడా ఎక్కడుంది? నడకకు వెళ్ళినవాడి గుండె అరగంట వేగంగా కొట్టుకుని, మిగతా రోజంతా కుదురుగా ఉంటుంది. ఆ విశ్రాంతిలోనే అది బలపడుతుంది. ముఠావాడి గుండె పొద్దున ఎనిమిదికి పరుగందుకుంటే సాయంత్రం దాకా దిగదు. నాడి, బీపీ రెండూ రోజంతా పైనే ఉంటాయి. రాత్రి సరిగా నిద్రపోకపోతే మర్నాడు అలసిన గుండెతోనే మళ్ళీ మొదలు. పైగా నడిచేవాడు అలసిపోతే ఆగిపోతాడు. బస్తాకింత అని కూలి లెక్కగట్టేవాడు ఆగలేడు. ఇక్కడ మనం చేయగలిగింది పని మానడం కాదు, గుండెకు మధ్యమధ్యలో ఊపిరి తీసుకునే సందు ఇవ్వడం.

బీపీ చూపించుకోండి, కానీ లోడు దించిన వెంటనే కాదు

బస్తా దించి వచ్చి చెయ్యి చాపితే ఎవరికైనా ఎక్కువే చూపిస్తుంది. అరగంట ముందు నుంచి టీ, బీడీ మానండి. ఒంటేలుకు వెళ్ళి రండి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. పట్టీ చొక్కా మీద కాకుండా ఒట్టి చేతికే కట్టించుకోండి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 గానీ, ఆ పైన గానీ వస్తుంటే డాక్టరును కలవండి. ఊళ్ళో ఏఎన్ఎమ్ దగ్గరే ఉచితంగా చూస్తారు, మాత్రలూ ఇస్తారు. షుగరు కూడా అప్పుడే చూపించేసుకోండి. దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వస్తోందనీ, మిగతా దేశాలవాళ్ళకన్నా ఐదారేళ్ళు ముందనీ 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం చెప్పింది. అందుకని ముప్పై దాటితే ఏడాదికోసారి చూపించుకోవడం మంచిది.

మాత్ర రాశాక రెండు సంగతులు. బీపీ మామూలుకు వచ్చిందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం, మానెయ్యమని కాదు. "మొదలెడితే అలవాటైపోద్ది" అని మానేసినవాళ్ళను నేను చాలామందిని చూశాను. రెండోది, ఎండలో పనిచేస్తానని డాక్టరుతో తప్పకుండా చెప్పండి. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేవి ఉంటాయి. అవి వేసుకుని వైశాఖం ఎండలో పొలంలో నిలబడితే కళ్ళు తిరగొచ్చు. డాక్టరు మందు మారుస్తారు, లేదా మోతాదు సరిచేస్తారు.

బస్తా ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి

బరువెత్తేటప్పుడు అందరం చేసే పనే ఇది. పళ్ళు బిగించి, ఊపిరి లోపలే ఆపేసి "ఊఁ" అని లేపుతాం. ఆ రెండు మూడు సెకన్లలో బీపీ ఎంత దాకా వెళ్తుందో తెలుసా? 1985లో బరువులెత్తి కండలు పెంచే బాడీబిల్డర్ల రక్తనాళంలో సూది గుచ్చి కొలిచారు. కాళ్ళతో బరువు నెట్టేటప్పుడు సగటున 320/250 దాకా వెళ్ళింది. వాళ్ళు కుర్రాళ్ళు, ఆరోగ్యవంతులు. ఒక్క క్షణం పెరిగి మళ్ళీ దిగింది. నలభై ఐదేళ్ళవాడికి, చూపించుకోని బీపీ ఉన్నవాడికి, రోజుకు వంద సార్లు అలా జరిగితే?

అందుకని ఇలా చేయండి. బస్తా దగ్గరికి వచ్చి ఒకసారి గాలి పీల్చుకోండి. లేపేటప్పుడు నోటితో 'హుఁ' అంటూ గాలి బయటికి వదలండి. మన ముఠాలు పూర్వం "ఐలేసా" అని అరిచేవి కదా, అరిస్తే ఊపిరి ఆగదు. ఆ పాటల్లో ఈ లాభం కూడా ఉందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. నేల మీది బస్తాను ఒక్కడే ఎత్తుకోవద్దు. ఇద్దరు పట్టి మూడోవాడి భుజానికి ఎత్తాలి. పలక ఎక్కేటప్పుడు మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఎక్కండి.

బరువు సంగతి కూడా చెప్పుకోవాలి. మగవాడు మోసే బరువు 55 కిలోలు మించితే తగ్గించే ఏర్పాట్లు చేయాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన దగ్గర ధాన్యం బస్తా అంటే ఇప్పటికీ 75 కిలోలు. అమ్మకం లెక్కంతా బస్తాల్లోనే కాబట్టి ఎవరూ కదపరు. లెక్క 75లోనే ఉంచుకుని సంచి 40 కిలోలది కడితే రైతుకు పోయేదేమీ లేదు. మిల్లు యజమానిని ఒక ముఠావాడు అడిగితే కుదరదు. ముఠా అంతా కలిసి సీజను మొదట్లో, కూలి రేటు మాట్లాడుకునేటప్పుడే అడగండి. సీజను మధ్యలో ఎవరూ వినరు.

నాడి పట్టి పనిని విడతలుగా చేసుకోండి

ఇందుకు యంత్రం అక్కర్లేదు, సెకన్లు చూపించే ఫోను చాలు. విశ్రాంతికి కూర్చోగానే మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, రెండు వేళ్ళు పెట్టి 30 సెకన్లు లెక్కపెట్టండి. రెండుతో గుణించండి. అరనిమిషానికి 55 దాటిందంటే నిమిషానికి 110 దాటినట్టు. అప్పుడు తర్వాతి విడత పనిని మూడో వంతు తగ్గించండి, విశ్రాంతి మాత్రం తగ్గించకండి. ఉదాహరణకు 45 నిమిషాలు మోసి పది నిమిషాలు ఆగుతున్నారనుకోండి, ఈసారి 30 నిమిషాలు మోసి పది నిమిషాలు ఆగండి. మళ్ళీ కూర్చున్నప్పుడు కూడా 110 దాటితే ఇంకో మూడో వంతు తగ్గించండి. ఎండలో పనిచేసేవాళ్ళ కోసం ఇతర దేశాల్లో వాడే పద్ధతే ఇది.

అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకు ఈ లెక్క చెల్లదు. ఆ మందు నాడిని కిందకే పట్టి ఉంచుతుంది. వాళ్ళు ఆయాసాన్ని బట్టి ఆగాలి. నాలుగు మాటలు ఒక్క గుక్కలో చెప్పలేకపోతున్నారంటే పని ఎక్కువైనట్టే.

ఇంకోటి, పొద్దున లేవకముందు మంచం మీదే నాడి చూసుకుని వారం రోజులు గోడ క్యాలెండరు మీద రాసుకోండి. మీ మామూలు అంకె తెలిసిపోతుంది. తర్వాత ఎప్పుడైనా వరసగా రెండు మూడు రోజులు దానికన్నా పది దాకా ఎక్కువ ఉంటే నిన్నటి అలసట ఇంకా తీరలేదన్నమాట. లోపల జ్వరమైనా ఉండి ఉండొచ్చు. ఆ రోజు బస్తా పని కాకుండా సంచులు కుట్టే పనో, ఊడ్చే పనో అడగండి.

ఒకడే ఆగితే తోటివాళ్ళ మీద భారం పడుతుంది, మాటలూ పడాలి. అందుకే ముఠా మొత్తం ఒకేసారి ఆగాలి. మా మిల్లులో చివరికి నేనే గంట కొట్టేవాణ్ణి. యజమాని మొదట్లో గొణిగాడు. లారీ బయల్దేరే టైము పెద్దగా మారకపోవడం చూసి ఊరుకున్నాడు.

దాళ్వా మాసూళ్ళ (రబీ వరి కోతల) ఉక్కలో

చెమట కారడం వల్ల ఒళ్ళు చల్లబడదు, ఆ చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. డెల్టాలో చుట్టూ చేలు, కాలవలు, చెరువులు, పక్కన సముద్రం. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుందే గానీ ఆరదు. అప్పుడు గుండె రెండు పనులు చేయాలి, కండలకు రక్తం పంపాలి, ఒళ్ళు చల్లార్చడానికి చర్మానికీ పంపాలి. నీళ్ళు తాగకపోతే ఉన్న రక్తమే చిక్కబడుతుంది.

దాళ్వా కోతలు, మోతలు సరిగ్గా ఏప్రిల్లోనే మీద పడతాయి. నాలుగు నెలలు ఖాళీగా ఉండి, మొదటి రోజే పూర్తి పనికి దిగకండి. కొత్తవాళ్ళు మొదటి రోజు ఐదో వంతు పనే ఎండలో చేసి, రోజుకు ఐదో వంతు చొప్పున పెంచుకోవాలి. పాతవాళ్ళయితే సగంతో మొదలెట్టి నాలుగు రోజుల్లో పూర్తికి రావచ్చు. కూలికి వెళ్ళేవాడికి ఇది ఎంత కష్టమో నాకు తెలుసు. కనీసం మొదటి రెండు మూడు రోజులు పదకొండు నుంచి మూడు దాకా నీడన ఉండే పని చూసుకోండి.

నీళ్ళు దాహం వేసినప్పుడు చెంబుడు కాదు, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఓ గ్లాసు. మజ్జిగ మంచిది. తరవాణి తాగే అలవాటున్నవాళ్ళు మానక్కర్లేదు, అందులో ఉప్పు మాత్రం గుప్పెడు వేసుకోకండి. బీపీ ఉన్నవాళ్ళు ఓఆర్ఎస్ పొట్లాలను శర్బత్ లాగా తాగకండి, అందులో ఉప్పు ఉంటుంది. గుండె నీరసించి డాక్టరు నీళ్ళకు కొలత పెట్టినవాళ్ళు ఆ మాటే పాటించాలి, నా మాట కాదు.

ఒళ్ళునొప్పుల బిళ్ళతో జాగ్రత్త

నాకు అన్నిటికన్నా భయం వేసేది దీనికే. సాయంత్రం పని దిగగానే మందుల షాపు దగ్గర ఆగి "ఒళ్ళునొప్పులకి ఓ సెట్టు ఇవ్వండి" అని అడుగుతారు. కాగితంలో చుట్టి రంగురంగుల బిళ్ళలు మూడు ఇస్తారు. పేరుండదు, ఏమిటో తెలియదు. అందులో డైక్లోఫెనాకో ఏసిక్లోఫెనాకో తరచూ ఉంటుంది. వారానికోసారి అయితే వేరే మాట. ఏళ్ళ తరబడి రోజూ వేసుకుంటే ఒంట్లో ఉప్పును, నీటిని ఆపి బీపీని పెంచుతాయి, మూత్రపిండాలను పాడుచేస్తాయి, గుండెపోటు ముప్పునూ పెంచుతాయి. బీపీ మాత్ర వేసుకుంటున్నా దిగడం లేదని వాపోయేవాళ్ళలో కొందరికి కారణం ఈ సెట్టే.

కాబట్టి విడి బిళ్ళలు తీసుకోకండి. పేరు కనిపించే పట్టీయే అడగండి. తప్పనప్పుడు ఒట్టి పారాసిటమాల్ అడగండి. పట్టీ మీద దానితో పాటు ఇంకో మందు పేరు కలిపి ఉంటే అది ఒట్టి పారాసిటమాల్ కాదు. నొప్పి రోజూ ఉంటే ఎముకల డాక్టరును కలవండి. వేన్నీళ్ళ స్నానం, కొబ్బరినూనె మర్దన చిన్న చిట్కాల్లా అనిపించొచ్చు గానీ చాలామందికి వాటితోనే సగం తగ్గుతుంది. నాకైతే తగ్గింది.

చెరువు గట్టు మీద రాత్రులు

రొయ్యల చెరువు పనిలో బస్తా బరువు లేదు, టెన్షన్ బరువు ఉంది. రాత్రంతా నీటిలోని నాచు, రొయ్యలు అన్నీ ఆక్సిజన్ పీలుస్తాయి, ఎండ లేదు కాబట్టి కొత్తగా తయారవదు. అందుకే తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య ఆక్సిజన్ అడుగంటుతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే, నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగి రొయ్య తేలిపోతుంది, అప్పు చేసి పెట్టిన లక్షలు గంటలో నీళ్ళపాలు. కాపలావాడు నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి చీకట్లో జనరేటరు దగ్గరికి పరుగెత్తుతాడు. గుండెపోట్లు తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం లోపే ఎక్కువగా వస్తాయి. ఆ వేళకు ఒంట్లో బీపీ దానంతటదే పెరుగుతుంటుంది.

పని ఒత్తిడి గురించి పరిశోధించిన రాబర్ట్ కరాసెక్ అనే ఆయన 1979లో ఒక మాట చెప్పాడు: ఒత్తిడి ఎక్కువగా ఉండి, పని మీద అదుపు లేని ఉద్యోగాలే మనిషిని ఎక్కువగా దెబ్బతీస్తాయని. కాపలావాడి పని అచ్చం అదే. రొయ్య అతనిది కాదు, రేటు అతని చేతిలో లేదు, కరెంటూ లేదు. రొయ్య చనిపోతే మాట మాత్రం అతని మీదికి వస్తుంది.

ఆ అదుపు కొంచెమైనా చేతికి రావాలంటే, కరెంటు పోగానే మోగే అలారం పెట్టించమని రైతును అడగండి. దాని ఖర్చు ఒక్క మేత బస్తా ముందు ఎంత? అది ఉంటే గంటకోసారి లేవక్కర్లేదు. ఇద్దరుంటే రాత్రిని రెండు ముక్కలు చేసుకుని, ఒక్కొక్కరు ఏకబిగిన నిద్రపోండి. పగలు ఇంకో కూలికి వెళ్ళడం వారానికి ఎన్నిసార్లో లెక్క పెట్టుకోండి. వారానికి 55 గంటలు, ఆ పైన పనిచేసేవాళ్ళకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో లెక్క చెప్పింది. రాత్రి కాపలా, పగలు కూలి కలిపితే 55 నాలుగో రోజుకే దాటిపోతుంది.

బీడీ, చుట్ట, ఖైనీ గురించి మీకు తెలియంది నేను చెప్పేదేమీ లేదు. మానండి. అలసట తీరడానికి వేసే క్వార్టరు నిద్ర పట్టిస్తుంది గానీ ఆ నిద్ర నిలవదు, బీపీని పెంచుతుంది. ఉప్పు రోజుకు ఒక చెంచా, అంటే 5 గ్రాములు, దాటకూడదు. ఆవకాయ, ఉప్పుచేప రెండూ ఒకే పూట వద్దు.

నొప్పి వస్తే

పని చేస్తుంటే రొమ్ములో పట్టేసినట్టుండి, ఆగితే పోతోందంటే దాన్ని గ్యాస్ అనుకోకండి. అదే మా మేస్త్రి నిమ్మసోడా నొప్పి. మర్నాడే ఈసీజీ తీయించుకోండి, డాక్టరు ట్రెడ్‌మిల్ పరీక్ష రాస్తే చేయించుకోండి.

ఆగినా పోకుండా, బరువు పెట్టినట్టు ఉండి, దవడకో ఎడమ చేతికో వీపుకో పాకి, చల్లటి చెమట పడితే 108కి ఫోన్ చేయండి. ఆడవాళ్ళకూ షుగరున్నవాళ్ళకూ నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం మాత్రమే రావచ్చు. మనిషిని కూర్చోబెట్టండి, నడిపించకండి, బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని వెళ్ళకండి. ఆస్పిరిన్ పడనివాళ్ళు, కడుపులో పుండు గానీ రక్తస్రావం గానీ ఉన్నవాళ్ళు కాకపోతే, 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించండి. స్పృహ తప్పి ఊపిరి ఆగితే, రొమ్ము మధ్యలో రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండంగుళాలు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండండి.

గ్యాస్ ఇంజెక్షన్ కోసం ఊళ్ళో ఆగకండి. రక్తపు గడ్డ కరిగించే మందు ఎంత తొందరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది. మొదటి ఈసీజీ బాగుందన్నా నొప్పి తగ్గకపోతే ఇంటికి రాకండి, మళ్ళీ తీయమని, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయమని అడగండి. ఆ గడ్డ కరిగించే ఇంజెక్షన్ మీకు దగ్గరలో ఏ ఆసుపత్రిలో ఉందో ఇవాళే కనుక్కుని గోడ మీద రాసుకోండి. లంక ఊళ్ళవాళ్ళు రాత్రి పడవ నడిపేవాడి నంబరు కూడా దాని పక్కన రాయాలి. వరద రోజుల్లో ఏ రేవు పనిచేస్తుందో అతనికే తెలుస్తుంది.

మళ్ళీ పనిలోకి వెళ్ళేముందు

మా మేస్త్రికి ఆ వేసవిలోనే అర్ధరాత్రి గుండెపోటు వచ్చింది. బతికాడు. స్టెంటు వేశారు, ఆరోగ్యశ్రీ కింద చేయడంతో చేతి డబ్బు పెట్టాల్సి రాలేదు. నెల తర్వాత చెకప్‌కు వెళ్తే తోడు నేనూ వెళ్ళాను. ఎప్పటినుంచి పనిలోకి వెళ్ళొచ్చని అడిగాడు. డాక్టరుగారు కాగితాలు తిరగేస్తూ "ఏం పని చేస్తారు?" అన్నారు.

"మిల్లులోనండి. కొంచెం బరువులెత్తుతానండి."

"కొంచెమైతే ఫర్వాలేదు. నెమ్మదిగా మొదలుపెట్టండి."

ఆయన మనసులో ఉన్న బరువు బహుశా నీళ్ళ బకెట్టు. మావాడు గుమ్మం దాకా వచ్చేశాడు. నేనే వెనక్కి లాక్కెళ్ళి, "డెబ్బై ఐదు కిలోలండి, రోజుకు నూట ఇరవై సార్లు, వాలు పలక మీద" అన్నాను. డాక్టరుగారు పెన్ను కింద పెట్టి, "ఈ మాట ముందే చెప్పొద్దా?" అని ట్రెడ్‌మిల్ పరీక్ష రాశారు. తర్వాత పది కిలోలు మించకూడదని చీటీ మీద రాసి ఇచ్చారు. మీరు వెళ్ళినప్పుడు బస్తా ఎన్ని కిలోలో, రోజుకు ఎన్నో, ఎంత ఎత్తుకో చెప్పండి. ఆ చీటీ మడత పెట్టి జేబులో పెట్టుకోకుండా యజమానికి చూపించండి. మావాడు ఇప్పుడు నా పక్కనే కాటా దగ్గర కూర్చుని సంచుల మూతులు కుడుతున్నాడు.